కోతకు ముందు సూది

బోధన్,
12 జనవరి 1997.

నా పెద్ద బిడ్డ రూతమ్మకు, ప్రభువు రెక్కల నీడలో ఉండి మీ బాపు దేవయ్య ఆనందబాష్పములతో వ్రాయునది—

హల్లెలూయ బిడ్డా, హల్లెలూయ! మన ప్రమీల గొంతులోని గడ్డ ఉత్త గడ్డేనట. క్యాన్సర్ కాదు! కోత లేదు, కుట్లు లేవు, దవాఖానాలో పండుకునేది లేదు. నిన్న పొద్దూకంగ అల్లుడు జయరాజ్ నిజామాబాదు నుంచి రిపోర్టు పట్టుకొచ్చి, స్కూటరు ఆపకముందే "మామా, ఏం లేదు! ఏం లేదు!" అని ఒర్రినాడు. నేను ఒక కాలికే చెప్పు తొడుక్కొని గల్లీలోకి ఉరికినాను. ఎవరో పోయినారనుకొని పక్కిండ్లవాళ్ళు బయటికొచ్చినారు. అందరి నోట్లో ఇంత బెల్లం పెట్టి లోపలికి పంపినాను.

నీకు గడ్డ సంగతే తెలియదు కదా, మొదటి నుంచి చెబుతాను. ఫోను చేద్దామంటే నీ మాట ఇవతలికి వినబడదాయె. దసరా నాటి నుంచి ప్రమీల గుటక వేస్తే గొంతులో రేగుపండంత ముద్ద కిందికి మీదికి ఆడేదట. కొంగు కప్పుకొని తిరిగింది. నాకు తెలిసేసరికే అల్లుడు నన్ను ఒక్క మాటైనా అడగకుండ నిజామాబాదు తీసుకపోయినాడు. మొదలు నాకు కోపమొచ్చింది. కాని ఆ పిల్లగాని తెలివి విను. డాక్టరమ్మ మెడ మీద చేయి పెట్టి చూస్తుండగనే "మేడం, కోసేముందు సూదితోని సూడుండ్రి" అన్నాడట. ఆమె నవ్వి, "నేను చెప్పవలసింది మీరే చెబుతున్నారే" అన్నదట. ఆ మాట అల్లుడికి నేర్పినవారెవరోగాని, వారి కడుపు చల్లగుండ!

భుజాల కింద దిండు పెట్టి, మెడ వెనక్కి వంచి, "గుటక మింగకు తల్లీ" అన్నదట. మల్లెపూలు గుచ్చే సూదికంటె సన్నమట. మత్తు మందు కూడ ఇయ్యలేదు. గడ్డలోకి గుచ్చి, కొంచెం ఆడించి, తీసి, వచ్చిన తడిని గాజుపలక మీద పూసినదట. ఇట్ల రెండు మూడుసార్లు. దూది అదిమి పట్టుకొమ్మన్నది, అంతే, అయిపోయింది! ప్రమీల బయటికొచ్చి చాయ్ తాగింది. ఆ గాజుపలకలు హైదరాబాదు పోయినవి, అక్కడ పెద్ద దుర్బిణిలో చూసి రిపోర్టు రాసినారు.

నేను అల్లుడితో అన్నాను, "ఓరి, గిది మా చెరుకు పనే గదరా!" ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మ్యాన్‌గా ఇన్నేండ్లు నేను చేసింది ఏమిటి? రుద్రూరు చెరుకు పరిశోధన కేంద్రంలో మాకు నేర్పినట్టు, నిలబడ్డ గడకు సూది గుచ్చుడు, రెండు చుక్కల రసం గాజు మీద వేసుడు, వెలుతురుకు పెట్టి గొట్టంలోంచి చూసుడు. తీపి ఎక్కితేనే కోతకు పర్మిటు. ఎక్కకపోతే రైతు ఎంత మొత్తుకున్నా కత్తి ముట్టనిచ్చేవాణ్ణి కాదు. మనిషికీ అదే పని వచ్చింది చూడు!

వచ్చే ఆదివారం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టినాను. నువ్వు తప్పకుండ రావాలె. నీ సంగతీ, చెల్లె సంగతీ కలిపి సాక్ష్యం చెబుతాను. నీ క్యాన్సర్‌ను ప్రభువు తీసేసినాడు. దీని గొంతులోకి రానే రానీయలేదు. ఇద్దరు బిడ్డలు, రెండు అద్భుతాలు!

పట్టలేని సంతోషముతో,
మీ బాపు.


ధర్పల్లి,
16 జనవరి 1997.

బాపుకు వందనాలు.

ప్రమీలకు ఏమీ లేదని చదివి మనసు తేలికపడింది. ఉత్తరం ఆఫీసులోనే అందింది. అక్కడే రెండుసార్లు చదివాను.

ఆదివారం రాలేను. మండలాఫీసులో టైపు పని నెత్తిమీద ఉంది. ప్రమీలకు చీర పంపుతున్నాను, కూడికలో కట్టుకొమ్మను.

నా గురించి మాత్రం సాక్ష్యం చెప్పవద్దు.

ఒకటి అడగాలని ఉంది. చెల్లె గొంతులో సూది గుచ్చారు కదా. గడ్డ రేగలేదా బాపూ?

రూతమ్మ.


బోధన్,
21 జనవరి 1997.

నా బంగారు తల్లి రూతమ్మకు, కూడికలో కొట్టిన చప్పట్లు ఇంకా చెవులలో మోగుచుండగా మీ బాపు వ్రాయునది—

రాకపోతివి బిడ్డా! ఎంత బాగ జరిగిందో! ఇల్లు చాలక గల్లీలో చాపలు పరిచినాము. నువ్వు పంపిన చీర కట్టుకొని ప్రమీల పెండ్లికూతురు లెక్కనే కూర్చున్నది. మన లైన్ల ముసలి నర్సవ్వ "నా మోకాండ్లు ఎన్నడో పోయినయ్" అనుకుంటనే పాటకు లేచి ఎగిరింది. పాయసం తాగి జయరాజ్, "మామా, రిటైరయినంక గూడ ఫ్యాక్టరీ చక్కెరంత గిందులనే పోసినవా?" అన్నాడు. పాస్టరు అయ్యగారు నవ్వు ఆపుకోలేక తువ్వాల అడ్డం పెట్టుకొన్నారు.

రిపోర్టు అందరికీ చదివి వినిపించినాను. ఇంగ్లీషు ముక్కలు అయ్యగారు విప్పి చెప్పినారు. తర్వాత నేను లేచినాను. నువ్వు వద్దన్నావు నిజమే. కాని నా గుండెను ఎట్ల పట్టుకొందును? మన ఫ్యాక్టరీ క్వార్టర్ల లైన్లలోని ఆడవాళ్ళు నీ కోసం గొలుసు ఉపవాసం పట్టిన సంగతి ఎట్ల దాచుదును? ఒక ఇల్లు విడిస్తే ఇంకో ఇల్లు అందుకొని, నీ కుట్లు విప్పేదాకా ఏదో ఒక ఇంట్లో పొయ్యి వెలగకుండ చూసిన సంగతి! అంతా చెప్పినాను. నర్సవ్వ ఏడ్చింది. "రూతు క్యాన్సర్ మా ఆకలికి భయపడి పోయింది" అన్నది. చూసినావా, ఎంత మాట అన్నదో!

గడ్డ రేగలేదా అని అడిగినావు. ఎందుకు రేగుతది బిడ్డా. ఈ కాలం సూదులు వేరు. నీ కాలంలో అవి యాడివి? ఉంటే నీకు చేయించకపోదునా?

బెల్లం లడ్డూలు బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపినాను. అందినవని వ్రాయి.

మీ బాపు.


ధర్పల్లి,
2 ఫిబ్రవరి 1997.

బాపూ,

లడ్డూలు అందాయి. "ఉంటే చేయించకపోదునా" అన్న మాట కూడా అందింది. ఆ మాట దగ్గరే ఆగిపోయి ఇన్నాళ్ళు జవాబు రాయలేదు.

ఉంది బాపూ. 1986లో నన్ను నిజామాబాదు తీసుకుపోయిన రోజు గుర్తు చేసుకో. బెంచీ మీద నీ పక్కనే ఉన్నాను. డాక్టరుగారు ఏమన్నారు? "హైదరాబాదు పోయి సూది పరీక్ష చేయించుకొని రండి. అది చూశాక కోయాలో వద్దో చెబుతాను." నువ్వు చేతులు జోడించి, "సూది వద్దు సారూ, గుచ్చితే గడ్డ రేగి ఒళ్ళంత పాకుతది. సక్కగ కోసి పారేయుండ్రి" అన్నావు. ఆయన ఇంకోసారి చెప్పి చూశారు. నువ్వు వినలేదు. నన్ను ఎవరూ అడగలేదు. నాకప్పటికి ఇరవై రెండేళ్ళు.

కోశారు. కోతలో గొంతు నరం దెబ్బతిన్నది. చర్చిలో మొదటి పాట ఎత్తుకునేదాన్ని, సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు మాట్లాడేదాన్నయ్యాను. టీచరు ట్రైనింగు వదిలేసి టైపు నేర్చుకున్నాను. టైపిస్టును ఎవరూ గట్టిగా మాట్లాడమని అడగరు.

సూది పరీక్ష చేయిస్తే కోత తప్పేదని నేను ఒట్టు వేసి చెప్పను. కొన్ని గడ్డలు సూదికి తేలవట, కోసి చూడాల్సిందేనట. నాదీ అలాంటిదే అయ్యుండవచ్చు. అప్పుడు ఎవరి మీదా కోపం లేకుండా మూగదాన్నయ్యేదాన్ని. ఆ మాత్రం నాకు దక్కలేదు.

కుట్లు విప్పిన రోజు డాక్టరుగారు చెప్పింది మనిద్దరం విన్నాం. "తీసిన ముక్కను పరీక్ష చేశారు. క్యాన్సర్ లేదు. మామూలు గడ్డ." ఆ ఆదివారమే నువ్వు చర్చిలో లేచి, నా బిడ్డకు క్యాన్సర్ వచ్చింది, ప్రభువు తీసేసినాడు అన్నావు. నేను మెడకు గుడ్డ చుట్టుకొని ఆడవాళ్ళ వరుసలో ఉన్నాను. లేచి కాదని చెప్పడానికి గొంతు లేదు.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. సిరికొండ సంబంధంవాళ్ళు నా గొంతు పోయిందని వెనక్కి పోలేదు. ఆ అబ్బాయి, "మాట లేకున్నా ఫరవాలేదు, నేనే ఎక్కువ మాట్లాడతాను" అని నాకు కబురు పంపాడు. ఆ ఆదివారం నీ సాక్ష్యం విన్నది వాళ్ళమ్మ. "క్యాన్సర్ పిల్ల, రేపు కడుపున పుట్టేటోళ్ళకు పారదా?" అని లేచిపోయింది. ఇప్పటికీ నేను బోధన్ వస్తే లైన్లలో నాకు వేరే గ్లాసులో నీళ్ళిస్తారు. అందుకే ధర్పల్లిలో ఉంటున్నాను. ఉద్యోగం కోసమని నువ్వు అందరికీ చెబుతావు.

జయరాజ్‌కు ఆ మాట నేర్పింది నేనే. నవంబరులో ప్రమీల మెడకు రుమాలు కట్టుకొని నా దగ్గరికి వచ్చింది. "ముందు సూది. బాపును అడగవద్దు" అన్నాను.

ఎన్ని పొలాలు తిరిగావు బాపూ. ఎన్ని గడలకు సూది గుచ్చి, ఇది కోతకు రాలేదు, కత్తి ముట్టవద్దు అన్నావు. నన్ను మాత్రం గుచ్చి చూడకుండానే కోయించావు.

చెల్లెకు క్యాన్సర్ లేదని చాటింపు వేశావు కదా. నాకూ లేదు. అదే చర్చిలో, అదే చోట లేచి చెప్పు. నాకు వేరే ఏమీ వద్దు.

రూతమ్మ.


బోధన్,
24 ఫిబ్రవరి 1997.

బిడ్డ రూతమ్మకు మీ బాపు వ్రాయునది.

నీ ఉత్తరం ప్రమీలకు కూడ చూపలేదు. సిరికొండోళ్ళు నీ గొంతు చూసి పోయినారనే ఇన్నేండ్లు అనుకున్నాను. ఆ పిల్లగాడు కబురు పంపినట్టు నాకు తెలియదు.

సూది సంగతి అడిగినావు. చెబుతాను, విను. మేము గుచ్చిన గడను రెండు వారాలకు చీల్చి చూస్తే సూది పోయిన తావు ఎర్రగ అయి ఉండేది. ఆ ఎరుపు గణుపు గణుపుకూ పాకేది. వాసన చూస్తే పుల్లగ. అందుకే గుచ్చిన గడలను విరిచి గట్టు మీద పారేసేవాళ్ళం, మిల్లుకు పంపేవాళ్ళం కాదు. నా చేతులతో ఎన్ని పారేసినానో. డాక్టరు సూది అన్నప్పుడు నాకు నీ మెడ కనబడలేదు బిడ్డా, ఆ ఎర్రని చెరుకు కనబడింది. రైతు బాపురావు పటేలు చెరుకు తోటలోనైతే గుచ్చిన గడ ఒక్కటే పోతది, తోట ఉంటది. నాకు గుచ్చనీకి నువ్వు ఒక్కదానివే ఉంటివి.

ఇక క్యాన్సర్ మాట. డాక్టరు లేదన్నాడు. అంతమంది ఆడవాళ్ళు తిండి మానేసి మోకాళ్ళ మీద ఉన్నంక లేదన్నాడు. ఉన్నది పోయిందనే నేను నమ్మినాను. అబద్ధం చెప్పాలని లేచినవాణ్ణి కాదు.

ఇప్పుడు లేచి, మొదటినుంచే లేదు అంటే నర్సవ్వ మొహం ఎట్ల చూడాలె? చెరుకు నరికే దినాలలో నీళ్ళు కూడ ముట్టకుండ ఉన్నది నీ కోసం. అప్పుడున్న వాళ్ళలో సగంమంది మట్టిలో కలిసినారు, నిన్ను బతికించినామనే తృప్తితోనే పోయినారు. నిన్ను కన్న మీ అవ్వ కూడ. ఇన్నేండ్లు నోట్లో పెట్టుకొని ఇప్పుడు అడిగితివి.

నువ్వు అడిగింది చిన్నదే. నా వల్ల అయ్యేటట్టు లేదు.

బాపు.


ధర్పల్లి,
3 మార్చి 1997.

బాపూ,

నర్సవ్వకు ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆమె పడ్డ ఆకలి నిజం. దానికి నేను రుణపడే ఉన్నాను. కాని ఆమె తృప్తి చెడకుండా ఉండటానికి నేను ఇంకెన్నాళ్ళు క్యాన్సర్ మనిషిగా ఉండాలి?

ఎర్రని చెరుకు గురించి రాశావు. అది చదివి ఏడుపొచ్చింది. కోపం మాత్రం పోలేదు.

నువ్వు చెప్పేదాకా నేను ఉత్తరం రాయను.

రూతమ్మ.


బోధన్,
7 ఏప్రిల్ 1997.

రూతూ,

చెప్పినాను బిడ్డా. నిన్న ఆరాధనలో సాక్ష్యాల సమయంలో లేచి చెప్పినాను.

వారం దినాలు లోపలనే వల్లె వేసుకొన్నాను. లేచేసరికి అంతా పోయింది. ఇట్ల అన్నాను: "నా పెద్ద బిడ్డ రూతమ్మకు క్యాన్సర్ ఎన్నడు లేకుండె. డాక్టరు సూది పరీక్ష చేయించుమన్నడు, నేనే వద్దన్న. కోయించింది నేను. గొంతు పోయింది గందుకే. ముక్క పరీక్షల గూడ క్యాన్సర్ లేదనే వచ్చింది. గియ్యాల దాకా నేను చెప్పిన సాక్ష్యం తప్పు."

మొదలు నర్సవ్వ లేచింది. "ఏందిరా దేవయ్యా, ఏం మాట్లాడుతున్నవ్? నా కడుపు మాడ్సుకున్నది ఉత్తదేనా?"

"ఉత్తది కాదవ్వా" అన్నాను.

"మరి క్యాన్సర్ లేకుంటె దేనికున్న నేను ఉపాసం? చెప్పు, దేనికున్న?"

వెనక నుంచి ఎవరో, "పెద్ద బిడ్డ ఏదో రాసి పంపి ముసలాయనను సతాయించినట్టుంది" అన్నారు. ఇంకొకరు, "బీపీ గోలీ ఏసుకోలేదేమో సూడుండ్రి" అన్నారు. పాస్టరు అయ్యగారు దిగి వచ్చి నా నెత్తి మీద చేయి పెట్టినారు. నన్ను మెచ్చుకొంటున్నారనుకొన్నాను. "ప్రభువా, ఈ వృద్ధుని మనసుకు నెమ్మది దయచేయుము, చేసిన మేలును మరచిపోనీయకుము" అని ప్రార్థించినారు. అందరూ ఆమెన్ అన్నారు. నర్సవ్వ అందరికంటె గట్టిగ అన్నది. ఆ వెంబడే పాట ఎత్తుకున్నారు.

బయటికొచ్చినంక జయరాజ్ నా చేయి పట్టుకొని స్కూటరు మీద కూర్చోబెట్టినాడు, చిన్న పిల్లగాణ్ణి కూర్చోబెట్టినట్టు. సాయంత్రం లైన్ల నుంచి ఇద్దరు ముగ్గురు అరటిపండ్లు తెచ్చినారు. రోగిని చూసిపోయినట్టు చూసి పోయినారు.

అబద్ధం చెప్పినప్పుడు అందరూ నమ్మినారు. ఇప్పుడు నాకు పిచ్చి లేచిందంటున్నారు. నువ్వు అడిగిన పని చేసినాను. దాంతో నీకేమైనా అయ్యిందో లేదో నాకు తెలుస్తలేదు.

బాపు.


ధర్పల్లి,
15 ఏప్రిల్ 1997.

బాపూ,

వారం నుంచి నీలో నువ్వే ఏదో వల్లె వేసుకుంటున్నావని ప్రమీల కబురు పంపితే, ఆ ఆదివారం నేను వచ్చాను. పొద్దున మొదటి బస్సుకు నిజామాబాదు వచ్చి, అక్కడ బోధన్ బస్సెక్కి. చెప్పులు విడిచే చోట, తలుపు పక్కన నిలబడ్డాను. నీ కళ్ళకు అంత దూరం ఆనదు.

అంతా విన్నాను.

నువ్వు మాట్లాడుతున్నప్పుడు నా పక్కనున్న ఆమె, కొత్తగా లైన్లకు వచ్చినట్టుంది, "ఎవలామె, గా క్యాన్సరామె?" అని అవతలామెను అడిగింది. నువ్వు కాదని చెబుతూనే ఉన్నావు, ఆమె అదే పేరుతో అడుగుతూనే ఉంది. నేను ఆమె వైపు తిరిగి, "క్యాన్సర్ లేదు" అన్నాను. నా మాట వినబడక, "ఆఁ?" అంది. అందరూ ఆమెన్ అన్నాక ఇంకోసారి అన్నాను. అప్పటికే పాట ఎత్తుకున్నారు.

నిన్ను పలకరించకుండా వచ్చేశాను. పలకరిస్తే నిన్ను ఊరడించాల్సి వచ్చేది. అది నా వల్ల కాదు, ఇప్పుడే కాదు. మీరందరూ ఆమెన్ అన్నప్పుడు నేను అనలేదు. అది కూడా నీకు తెలియాలి.

నాకేమైనా అయ్యిందా అని రాశావు. లైన్లలో నా గ్లాసు వేరేగానే ఉంటుంది. సిరికొండ అతనికి ఇద్దరు పిల్లలు. కాని ఆ రోజు బస్సులో కూర్చున్నాక, మా బాపు నిజం చెప్పాడు అని నాలో నేను అనుకున్నాను. ఇదివరకు అనుకోవడానికి ఆ మాట కూడా నాకు లేదు.

జూలైలో ప్రమీలను మళ్ళీ చూపించాలి. గడ్డ పెరిగిందేమో కొలుస్తారు. పెరిగితే ఇంకోసారి సూది. జయరాజ్ బదులు నువ్వు వెంట పో. నేను రాను. బెంచీ మీద కూర్చో. డాక్టరమ్మ ఏది చెబితే అది విను. ఆమె అడిగితే ప్రమీల జవాబు చెబుతుంది, నువ్వు కాదు. ఇంటికొచ్చాక ఎవరైనా అడిగితే ఆమె అన్నది అన్నట్టు చెప్పు. పైన ఏమీ కలపవద్దు.

రూతమ్మ.


బోధన్,
14 జూలై 1997.

రూతూ,

పోయి వచ్చినాము. బెంచీ మీద కూర్చున్నాను. ప్రమీలే మాట్లాడింది.

గడ్డ పెరగలేదు. ఇప్పుడు సూది అక్కర లేదన్నది డాక్టరమ్మ. ఏడాదికి మళ్ళీ రమ్మన్నది.

వచ్చేసరికి నర్సవ్వ మన గడప మీద కూర్చొని ఉన్నది. చర్చి నాటి నుంచి నాతో మాట్లాడలేదు. ఏమన్నరని అడిగింది. మీద రాసిందే చెప్పినాను.

"గంతేనా?" అన్నది.

గంతే అన్నాను.

బాపు.